శుక్రుడి మీద దించినట్టు

ఆ రోజు రేడియో బటన్ నొక్కింది నేను. మాట్లాడకూడని చానెల్లో, మాట్లాడకూడని సమయంలో, అనకూడని మాట అన్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి, చదివేవాళ్ళ మనసు కాస్త మెత్తబడ్డాక నా తప్పు దగ్గరికి రావడం నాకు అలవాటైన పద్ధతి. ఈసారి అలా చేయదలచుకోలేదు.

ఆయన పోయాడని మొన్న వాళ్ళ బామ్మర్ది ఫోన్ చేశాడు. మెట్‌పల్లి దగ్గర సొంత ఊళ్ళో, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. "బావ పోయిండు సారూ" అని, "మీకు చెప్పకుంటె మంచిగుండదనిపిచ్చింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక దోహాలో, అల్ హిలాల్ పేటలోని నా గదిలో కూర్చుని ఆయన ముఖం గుర్తుచేసుకుందామని చూశాను. ముఖం రాలేదు. ఆయన ఎడమ అరచెయ్యి కనిపించింది.

ప్రపంచ కప్పు వస్తోందని దోహా అంతా తవ్వి పోస్తున్న ఏళ్ళవి. తుమామా దాటాక మా కంపెనీ ఒక పెద్ద కారు పార్కింగ్ భవనం కడుతుండేది. నేను సైట్ ఇంజనీరుని, గోదావరి జిల్లా వాణ్ణి. ఆయన బ్యాంక్స్‌మన్. అంటే, పైన క్రేన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు కింద నేల కనబడనప్పుడు, రేడియోలో మాటలు చెబుతూ బరువును దింపించే మనిషి. గోడ వెనకాల, మెట్ల కోసం వదిలిన ఖాళీలో, అంటే మెట్ల బావిలో, రెండు అంతస్తుల కింద కాంక్రీటు పలక ఎక్కడ దిగుతోందో ఆపరేటర్‌కు తెలియదు. అతనికి ఉన్నదల్లా చెవిలో వినబడే గొంతు.

మిగతా బ్యాంక్స్‌మన్‌లు "డౌన్, డౌన్, స్టాప్" అనేవాళ్ళు. ఆయన అలా అనేవాడు కాదు. కుడిచేత్తో రేడియో నోటి దగ్గర పెట్టుకుని, ఎడమ అరచెయ్యి నేలవైపు తిప్పి గాలిని అదుముతూ, "మెల్లగ... మెల్లగ... ఇంక జెర... ఇంక జెర..." అంటూ బరువుతోపాటు తనూ దిగేవాడు. పలక కిందికి వస్తున్నకొద్దీ ఆయన మోకాళ్ళు వంగేవి. అది కూర్చునే సమయానికి ఆయన గొంతుక్కూర్చుని ఉండేవాడు. "దిగింది" అనేవాడు అప్పుడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు వేసుకుని "అబ్బ" అని లేచి, పలకను ఒకసారి తట్టేవాడు.

క్రేన్ ఆపరేటర్ పఠాన్. అతనికి తెలుగు రాదు, కానీ మెల్లగ, జెర, ఆపు, దిగింది అనే నాలుగు మాటలు వచ్చు. కొత్తగా జత కలిసినప్పుడే ఆయన అతనికి తన హిందీలో ఒక షరతు పెట్టాడు. "భాయ్, మేరా ముహ్ చల్తా, తో తుమ్ చలో. మేరా ముహ్ బంద్, తో తుమ్ బంద్." నా నోరు ఆగిందంటే బరువు ఆగాలి, కారణం అడగొద్దు. రేడియో పాడైనా, తనకు దగ్గొచ్చినా, తను చచ్చిపడినా సరే. నిజానికి ఆ పనికి నియమమే అది. కానీ ఆయన దాన్ని నియమంలా చెప్పలేదు, మొక్కులా చెప్పాడు.

ఎవరైనా తొందరపెడితే ఆయన ఒకే మాట అనేవాడు. "శుక్రుడి మీద దించినట్టు దించాలె."

మొదట్లో అదేదో వాళ్ళ ఊరి నానుడి అనుకున్నాను. వేసవిలో ఒకరోజు అసలు సంగతి తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ నియమం. ఆ గంటల్లో అందరూ షెడ్డులో తువ్వాళ్ళు మొహం మీద కప్పుకుని పడుకునేవాళ్ళు. ఆయన మాత్రం గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను ఏదో కొలత అడగడానికి వెళితే నా ఫోన్ వైపు చూశాడు.

"సారూ, అండ్ల అన్ని ఉంటయట గద. శుక్రుడి మీద దిగినదాని సంగతి జెర సూడరాదు."

"ఏ శుక్రుడు?"

"ఏగుచుక్క సారూ. మొదలు మొదలు రష్యోళ్లు దించిన మిషిను. బిందె లెక్క గుండ్రంగ ఉంటది."

చిన్నప్పుడు వాళ్ళ అయ్య ఎక్కడినుంచో రష్యా పత్రిక కాగితం తెచ్చాడట. నున్నగా, మెరుస్తూ ఉండేవి ఆ కాగితాలు. మా గోదావరి వైపు కూడా బడి పుస్తకాలకు అవే అట్టలు. ఆయన తెలుగు వాచకానికి పడ్డ అట్ట మీద ఆ యంత్రం బొమ్మ, కింద దాని కథ ఉన్నాయి. అంతకు ముందు పంపినవి నేల చేరకుండానే ఆ గాలి బరువుకు నలిగిపోయాయని, దీన్ని గట్టిగా చేసి పంపారని, గొడుగులాంటి పారాచూట్ కట్టి దించారని ఆయనకు కంఠతా వచ్చు.

"'నేలను తాకిన తరువాత అది' అని రాసున్నది. గంతే. గాడ మడత. మిగిలింది లోపటికి పాయె, లయి పెట్టి అంటిచ్చిన."

"చింపి చూడకపోయావా?"

"బుక్కు ఖరాబైతె మా పంతులు వీపు పల్గగొడ్తుండె. ఏడాది అయినంక బుక్కు ఇంకొకనికిస్తి. అట్టతోటే పాయె." నవ్వాడు. "గప్పటిసంది తాకిన తరువాత అది ఏం జేసిందో తెలుస్తలేదు. నేనే ఏదో ఒకటి అనుకుంట."

వెతికి చదివి వినిపించాను. సీసం కరిగేంత వేడి అని చెబితే తల ఊపాడు. అది ఇంకో గ్రహం మీద దిగి మాట పంపిన మొదటి యంత్రం అని చెబితే సర్దుకుని కూర్చున్నాడు.

"ఏమని పంపింది మాట?"

"ఒక్కటే పంపిందట. ఎంత వేడిగా ఉందో. ఇంకా చాలా చెప్పాల్సింది, లోపల మీట ఇరుక్కుపోయి అదొక్కటే మళ్ళీ మళ్ళీ చెప్పింది."

ఆయన పగలబడి నవ్వాడు. "గంత దూరం పోయి ఎండ గొడ్తున్నదని జెప్పిందా! రోజు ఇంటికి ఫోన్ జేసి మేం జెప్పేది గదే గద సారూ!"

తువ్వాళ్ళ కింద కూడా నవ్వులు వినిపించాయి. పక్కన పడుకున్న ఆయన బామ్మర్ది, ఆయన మాట మీద, ఆయన ఇప్పించిన వీసా మీద వచ్చినవాడు, ముఖం మీది గుడ్డ తీయకుండానే అన్నాడు. "నువ్వు గూడ మీట ఇరికిన మిషినే బావా. మెల్లగ, జెర. మెల్లగ, జెర. నిద్రల గూడ గదే."

"నీ అక్కనడుగు, నిద్రల ఎవలు ఒర్లుతరో."

నేను మిగతాది చదివాను. గొడుగు చిరిగి యంత్రం గట్టిగా నేలకు తగిలింది, బహుశా పక్కకు ఒరిగిపోయింది. తగలగానే మాట ఆగిపోయిందని భూమి మీద వింటున్నవాళ్ళు అనుకున్నారు. పని అయిపోయిందని లేచిపోయారు. వారాల తర్వాత ఎవరో ఆ రోజు టేపులు మళ్ళీ వింటే, ఆ గరగర మధ్య సన్నగా దాని గొంతు దొరికింది. దిగిన తర్వాత కూడా ఇరవై నిమిషాలకు పైగా అది చెబుతూనే ఉంది.

ఆయన నవ్వు ఆగింది. "అంటె అది మాట్లాడుతనే ఉన్నది."

"అవును."

"ఈళ్లే ఇనలే."

"చప్పుడులో కలిసిపోయిందట."

చేతిలో రేడియోని అటూ ఇటూ తిప్పాడు. "మళ్ల ఇన్నోడు ఎవడో గని, వాని చెవులు సల్లగుండ" అన్నాడు.

ఆ తర్వాత నాకు ఆయన గొంతు వినడం అలవాటైంది. ఇంజనీర్ల చానెల్ వేరు, బరువులు దించేవాళ్ళ చానెల్ వేరు. నా క్యాబిన్ బల్లమీది పెద్ద సెట్టును నేను వాళ్ళ చానెల్‌కు తిప్పి పెట్టుకునేవాణ్ణి. డ్రాయింగులు చూసుకుంటుంటే వెనకాల "మెల్లగ, ఇంక జెర" అని వినబడుతుంటే ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టు ఉండేది. అలా తిప్పి పెట్టకూడదని నాకు తెలుసు. వినడానికేగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ రోజు మెట్ల బావిలోకి ఒక పలక దిగుతోంది. గేటు దగ్గర ఇంకో ట్రెయిలర్ వచ్చి నిలబడింది, దాని వెనకాల రోడ్డు ఆగింది, డ్రైవర్ హారన్ మీంచి చెయ్యి తీయడంలేదు. పై ఆఫీసు నుంచి నాకు ఫోన్ మీద ఫోన్. కింద బావిలో బామ్మర్ది పలక అంచు పట్టుకుని సరిచేస్తున్నాడు. అతని చెయ్యి ఇంకా కిందే ఉందని ఆయన చూశాడు. "ఆపు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను బల్లమీది సెట్టు బటన్ నొక్కి, త్వరగా దించమని అరిచాను.

"యల్లా భాయ్, ఉతారో, ఉతారో! కిత్నా టైమ్ లగాతే హో!"

ఆ రేడియోల్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరిదే వినబడుతుంది. నా సెట్టు పెద్దది, క్రేన్‌కు దగ్గరగా ఉంది. పఠాన్‌కు నా మాటే వినబడింది. నేను ఏమీ అనకుండా ఉంటే ఆయన మాట అందకపోయినా ఫరవాలేదు, గొంతు ఆగిందని పఠాన్ ఆపేవాడు. నేను ఆ నిశ్శబ్దాన్ని కూడా మిగల్చలేదు.

బటన్ వదలగానే ఆయన గొంతు బయటపడింది. "...పు, ఆపు, ఆపు, ఆపు." మొదటి ఆపులు నా అరుపు కింద పడిపోయాయి. తర్వాత వచ్చిన కేకను వినడానికి రేడియో అవసరం లేకపోయింది.

బామ్మర్ది కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు పోయాయి.

విచారణ గదిలో సేఫ్టీ మేనేజర్, పఠాన్, ఆయన, నేను. మేనేజర్ లెబనాన్ మనిషి. హిందీ, తెలుగు మాటలు ఇంగ్లీషులోకి చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు. పఠాన్ "ఉతారో" అని విన్నానన్నాడు. ఎవరి గొంతని అడిగితే, రేడియోలో అన్ని గొంతులూ ఒకటేనన్నాడు. చెబుతూ ఒకసారి నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

ఆ క్షణంలో ఆయన తన బటన్ నొక్కి పట్టుకుని ఉన్నాడు కాబట్టి నా మాట ఆయనకు వినబడే అవకాశమే లేదు. మేనేజర్ అడిగితే ఇలా చెప్పాడు. "మెల్లగ అంటున్న సార్. ఆపు అన్న... అన్ననో, ఆలస్యంగ అన్ననో. ఉతారో అని గిట్ల నోరు జారిందేమో, యాదికి లేదు. చెయ్యి నలిగింది గద. తప్పు నాదే అయ్యుంటది."

నేను ఆ మాటల్ని అనువదించాను. ఒక్కటీ తప్పిపోకుండా, సరైన ఇంగ్లీషులో. గరగర మధ్య దొరికిన గొంతు గురించి ఆయనకు చదివి వినిపించిన నోటితోనే.

ఆయన్ను కంపెనీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆయనే రేడియో తిరిగిచ్చి, చీపురు అడిగాడు. పఠాన్ ఇంకొకరితో పనిచేశాడు. ఊళ్ళో మాత్రం సంగతి వేరుగా నడిచింది. "నీ మీద నమ్మకంతోటే నా కొడుకును దుబాయ్ తోలిన" అని అత్తగారు ఫోన్‌లో ఒకసారి అని, మళ్ళీ మాట్లాడలేదట. ఖతార్ అని ఎంత చెప్పినా వాళ్ళకు ఇది దుబాయే. భార్య ఫోన్ ఎత్తి, హలో అనకుండా పిల్లలకు ఇచ్చేసేది. తమ్ముడి చేతిని నలగగొట్టిన నోటితో ఆమె మాట్లాడలేకపోయింది. బావాబామ్మర్దులు ఒకే గదిలో, పైమంచం కిందమంచం. మాటల్లేవు. ఇవన్నీ నాకు క్యాంప్ మనుషులు చెప్పారు. విని, అయ్యో అన్నాను.

రంజాన్ వచ్చి పోయింది. ఒక ఉదయం అదే మెట్ల బావి పక్కన కొత్త బ్యాంక్స్‌మన్ పలక దింపిస్తున్నాడు. ఆయన కాస్త దూరంలో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఎడమ అరచెయ్యి గాలిని అదుముతోంది, మోకాళ్ళు వంగుతున్నాయి. సగం దిగాక తనను తాను చూసుకున్నాడు. గబుక్కున చెయ్యి వీపు వెనక్కి దాచుకుని, మళ్ళీ ఊడ్వడం మొదలుపెట్టాడు.

అంతకుమించి నేను ఆగలేకపోయాను.

కంపెనీలో చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. ఫైలు మూసేశాం, ఇప్పుడెందుకు అన్నారు. నేను పట్టుబడితే నాకొక హెచ్చరిక ఇచ్చి ఇంకో సైటుకు మార్చారు. ఆయన తప్పు లేదని రాసి ఆయన చేత సంతకం పెట్టించుకున్నారట. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం ఏమిటో ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

శుక్రవారం సెలవు రోజున ఆయన్ను వక్రా పడవల రేవు దగ్గరికి రమ్మన్నాను. వలలు ఆరబెట్టిన చోట గట్టుమీద కూర్చున్నాం. నాకంటే పెద్దవాడు, అయినా ఎప్పుడూ నువ్వు అనే పిలిచేవాణ్ణి. ఆ రోజు ఎందుకో "మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

ఆయన బెదిరిపోయాడు. "ఏంది సారూ, మీరు అంటున్నవు? నౌకరి తీసేస్తున్నరా నన్ను?"

"అది కాదు. ఆ రోజు ఉతారో అన్నది మీరు కాదు. నేను."

నేను బటన్ సంగతి, నా సెట్టు సంగతి, విచారణ గది సంగతి అన్నీ చెప్పాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది తర్వాత. ఒక్కటి చెప్పు. నేను ఆపు అన్ననా?"

"అన్నారు."

"మొదలే అన్ననా? చెయ్యి నలగకముందు?"

"ముందే. నేను బటన్ వదిలేసరికి అంటూనే ఉన్నారు."

"నువ్వు ఇన్నవా? నీ చెవులతోని?"

"విన్నాను."

మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచాడు. ముఖంలో కోపం ఉందో, ఏముందో నాకు అర్థం కాలేదు. "నాకు చెప్తె ఏమొస్తది సారూ? నేను పడుడు పడ్డ. నడువు. వానికి చెప్పు" అన్నాడు.

క్యాంప్‌లో బామ్మర్ది ఎడమచేత్తో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. బావ గుమ్మం దగ్గరే, మాకు వీపు పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. నేను చెప్పాను. బామ్మర్ది కత్తి పక్కన పెట్టి మొత్తం విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడితే కొట్టనీ అనుకున్నాను. అతను చొక్కాకు చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి మా మధ్య మంచం మీద ఉంచాడు.

"అక్కా, ఓ సారు మాట్లాడుతడట. ఇను."

"ఏ సారు?" అంది ఆడగొంతు.

చెప్పాను. నేనెవరో, ఏం చేశానో. అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"మా ఆయన చెప్పమన్నడా నిన్ను?"

"లేదమ్మా."

"మీరు మీరు దోస్తులై అతని కొరకు చెప్తున్నవా?"

"కాదమ్మా. ఆయన ఆపమన్నాడు. నేను అరవడం వల్ల ఆ మాట క్రేన్ దాకా పోలేదు. ఆయన అన్నది నేను విన్నాను."

"ఇన్నవా. ఇని, ఇన్ని నెలలు అన్నమెట్ల తిన్నవయ్యా?"

గుమ్మం దగ్గరి వీపు కదలలేదు.

"ఆగు. మా అమ్మను పిలుస్త. ఆమెకు చెప్పు" అంది.

ముసలామె వచ్చింది. మొదటినుంచి మళ్ళీ చెప్పాను. చెప్పడం అయ్యాక, "ఏమంటున్నడే? నాకు ఇనస్తలేదు. గట్టిగ చెప్పుమను" అంది.

పక్క గదుల వాళ్ళు అప్పటికే గుమ్మం దగ్గర చేరారు. మా సైటువాళ్ళు, వేరే సైట్లవాళ్ళు, నన్ను సార్ అని పిలిచేవాళ్ళు. నేను మంచం మీంచి ఫోన్ తీసుకుని లేచి నిలబడ్డాను. తప్పు నాదేనని, మీ అల్లుడిది కాదని, వరండా చివరిదాకా వినబడేలా చెప్పాను.

"ఇంక గట్టిగ" అంది ఆమె.

ఇంకా గట్టిగా చెప్పాను.